పన్నెండో నోట్‌బుక్కు

ఆ పెట్టెను ఆదోని బజారులో కొన్నాను. నీలం రంగు రేకు పెట్టె, పిల్లలు హాస్టలుకు తీసుకుపోయే రకం. 2009 అక్టోబరు 2 నాటికి అందులో పదమూడు నోట్‌బుక్కులు, అరవై మూడు క్యాసెట్లు, కవర్లలో ఫొటోలు, రెవెన్యూ ఆఫీసుల్లో చేత్తో ఎత్తిరాసుకున్న కాగితాలు ఉన్నాయి. మూడున్నరేళ్ల పని. ఆ పని ఏమిటో ముందు చెప్తాను. చెప్పకపోతే ఏం పోయిందో తెలియదు.

మాది ఎమ్మిగనూరు. మగ్గం ఇల్లు. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం నుంచి మా తాత నూలు తెచ్చుకుని నేసేవాడు, తర్వాత మా నాయన, నాయన పోయాక మా అమ్మ. సంక్రాంతి చుట్టుపక్కల వచ్చే నీలకంఠేశ్వరుడి జాతరకు కొత్తబట్టలు, పీర్ల పండక్కి చేతికి ఎర్రదారం, శ్రావణంలో ఉరుకుంద ఈరన్న దగ్గరికి బండి. చిన్నప్పుడు ఇవి వేర్వేరు మతాల పనులని నాకు తెలియదు. మా అమ్మకు ఇప్పటికీ తెలియదు. పీరు ముందు చక్కెర చదివింపులు చేయించి, అదే చేత్తో ఇంటికొచ్చి దేవుడి గూట్లో దీపం పెడుతుంది.

ఎం.ఏ. అయ్యాక 2006లో పీహెచ్‌డీలో చేరాను. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఉమ్మడి ఆరాధన, దాని చుట్టూ ఉన్న కులాల కట్టుబాట్లు, భూములు, ఊరి రాజకీయాలు నా అంశం. ఎవరి పీరును ఎవరు ఎత్తుతారు? నిప్పుల గుండానికి కట్టెలు ఎవరు తెస్తారు? డప్పు ఎవరిది? ఆ సేవకు ఒకప్పుడు ఇచ్చిన ఇనాం భూమి ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? ఇవే నా ప్రశ్నలు. చూడటానికి చిన్నవి. ఊళ్లోకి పోయి అడిగితే ఒక్కోదానికి ఒక్కో రాత్రి పట్టేది.

ఈ ప్రాంతం గురించి బయటివాళ్లకు రెండు పేర్లే తెలుసు. ఒకటి మంత్రాలయం, రెండోది ఆదోని పత్తి మార్కెట్. ఆ మంత్రాలయం కథతోనే నా పరిశోధన మొదలైంది. బీజాపూరు సుల్తానుల కింద ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామాన్ని ఇచ్చాడు. ఆ మంచాలే ఈనాటి మంత్రాలయం. స్వామి 1671లో బృందావన ప్రవేశం చేసింది అక్కడే. ఆదోనిలో జామియా మసీదు కట్టించిందీ ఆ మసూద్ ఖానే. మసీదు కట్టిన చెయ్యి, మఠానికి ఊరు రాసిచ్చిన చెయ్యి ఒకటే. మఠం భక్తులు ఈ మాట దాచరు, నవాబు పళ్లెంలో మాంసం తెస్తే స్వామి నీళ్లు చల్లగానే పళ్లయిన కథను ఇష్టంగా చెప్తారు. మసీదు దగ్గర కూర్చునే ముసలివాళ్లూ ఈ దానం సంగతి గర్వంగానే చెప్పేవాళ్లు. 2006లో నేను అడిగినప్పుడు రెండు చోట్లా ఒకే నవ్వుతో చెప్పారు. ఆ నవ్వును నోట్‌బుక్కులో రాసుకున్నాను కూడా.

రికార్డుల కోసం చాలా తిరిగాను. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. అందుకని పాత కాగితం కావాలంటే బళ్లారి పేరు కింద వెతకాలి. 1904లో ఫ్రాన్సిస్ రాసిన బళ్లారి గెజిటీర్ చదవాలి. దానికి ముందు 1800లో నిజాం ఈ జిల్లాలను కుంపిణీకి అప్పజెప్పాక, వాళ్ల సర్వేయరు మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, ఆయన తమ్ముళ్లు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి రాయించిన కైఫీయత్తులు చూడాలి. ఊరి కరణాలు చెప్పింది వాళ్లు రాసుకున్నారు. కరణం చెప్పనిది అందులో లేదు. చెప్పనిదాని మీద అప్పట్లో నాకు కోపం ఉండేది. ఎందుకు దాచారా అని. ఆ కోపం ఎప్పుడు పోయిందో ముందు ముందు వస్తుంది.

ఊళ్లలో పని కష్టం. పశ్చిమ కర్నూలు ఊళ్లు ఏడాదిలో సగం ఖాళీగా ఉంటాయి. వానలేదు, పంటలేదు, జనం సుగ్గికి పోతారు. గుంటూరు మిరపకాయలు కోయడానికి, బెంగళూరులో ఇళ్ల పనికి. పిల్లల్నీ వెంట తీసుకుపోతారు. తలుపుకు తాళం, అరుగు మీద ముసలివాళ్లు. నేను తిరిగిన ఏళ్లలో పీర్ల పండుగ జనవరిలో, దాని అటూ ఇటూ పడింది. అంటే సరిగ్గా మిరపకోతల కాలం. "పీర్లు లేచినాక పోదాం" అని లారీ మేస్త్రీని ఆపినవాళ్లను చూశాను. అడ్వాన్సు తీసుకుని, పీరు జల్దికి, నీళ్ల దగ్గరికి, పోయిన రాత్రే మూటలు కట్టి, తెల్లారి ట్రాక్టరెక్కి పోయినవాళ్లనూ చూశాను. మతం అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే నాకు ముందు ఆ ట్రాక్టరు గుర్తుకొస్తుంది.

ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఒక ఊరు. దాని పేరు రాయను. ఆ ఊరి పీర్ల మకానాన్ని చూసుకునే ముజావర్ తాత ఒకాయన ఉండేవాడు. డెబ్బై దాటిన మనిషి. పీరును ముందు ఎత్తేది బోయ కులం పెద్దాయన, తర్వాతనే తాత పట్టుకుంటాడు. ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు. మొదటి ఏడు నన్ను లోపలికి రానీయలేదు. రెండో ఏడు "కూర్చో పాపా" అన్నాడు. మూడో ఏడు, 2009 జనవరిలో, పండగ అయిన మూడో రాత్రి, ఊదు పొగ ఇంకా ఆ గదిలో ఉండగానే మూడు గంటలు మాట్లాడాడు. మకానం భూమి గురించి ఎప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి చెప్పాడు. కరువు ఏట తన తండ్రి, బోయ పెద్దాయన తండ్రి కలిసి చేసిన పని అది. అది తప్పో ఒప్పో తేల్చే హక్కు నాకు లేదు. ఆ సంగతి ఏమిటో ఇక్కడా రాయను. రికార్డరు తిరుగుతూనే ఉంది, చేత్తో కూడా రాసుకున్నాను. ఆ రాత్రి నా జెల్ పెన్ను రీఫిల్లు అయిపోతే ఊరి అంగట్లో బాల్ పెన్ను కొనుక్కున్నాను. పన్నెండో నోట్‌బుక్కు సగానికి పైగా ఆ పెన్నుతోనే రాశాను.

ఇక ఆ ఏడు దసరా. సెప్టెంబరు 28. ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టరు ప్రమాదంలో పోయి ఇంకా నెల కాలేదు, సీమంతా ఆ దుఃఖంలోనే ఉంది. దేవరగట్టు బన్ని ఉత్సవం చూడటానికి హొళగుంద వైపు పోయాను. మాళ మల్లేశ్వరుడి ఉత్సవమూర్తుల కోసం నెరణికి, కొత్తపేట, ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దివిటీల వెలుగులో కర్రలతో కొట్టుకునే రాత్రి అది. తలలు పగిలినవాళ్లు పసుపు అద్దుకుని మళ్లీ గుంపులోకి పోవడం చూశాను. ఒళ్లంతా అలసిపోయి, రాసుకున్నదంతా ఒక దారికి తెచ్చుకోవాలని మంత్రాలయంలో ఒక సత్రంలో గది తీసుకున్నాను. కింది అంతస్తు గది. పెట్టె బరువు, పైకి మోయడానికి మనిషి దొరకలేదు. అధ్యాయాల వారీగా విడదీయాలని అన్ని నోట్‌బుక్కులూ ఇంటినుంచి తెచ్చిపెట్టుకున్నాను. రెండో ప్రతి లేదు. జిరాక్సు తీయించమని స్నేహితురాలు చెప్తూనే ఉండేది. ఫెలోషిప్పు డబ్బులు ఆరునెలలుగా రాలేదు, ఇంకో నెల ఆగుదాం అనుకున్నాను.

వాన అప్పటికే మొదలైంది. మొన్నటిదాకా కరువని ఏడ్చిన నేల మీద రెండు మూడు రోజులు ఆగకుండా కురిసింది. అక్టోబరు 1 రాత్రి తుంగభద్ర చప్పుడు గదిలోకి వినపడింది. నది పక్కన ఊరు, చప్పుడుంటుంది అనుకున్నాను. 2వ తేదీ, శుక్రవారం, తెల్లారేసరికి ఘాటు దగ్గర ఉండాల్సిన నీళ్లు వీధిలో ఉన్నాయి. మోకాళ్ల దాకా వచ్చి ఆగుతుందిలే అని ఎవరో అన్నారు. నేనూ అదే నమ్మాను. పెట్టెను ఎత్తి మంచం మీద పెట్టాను. ఇన్నేళ్లయినా కలలోకి వచ్చేది వరద కాదు, నేను ఆ పెట్టెను మంచం మీద పెట్టడం.

పక్క గదిలో రాయచూరు వైపు నుంచి వచ్చిన కన్నడం అవ్వ ఒకామె ఉంది. కొడుకు ప్రసాదం తేవడానికి పోయి చిక్కుకుపోయాడు. ఆమె నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆమెను మేడ మీదికి ఎక్కించి మళ్లీ దిగాను. ఆ కాస్తలోనే నీళ్లు రొమ్ముల దాకా వచ్చాయి. గది తలుపు లోపలికి తెరుచుకుంటుంది. రెండు చేతులతో తోశాను, భుజంతో తోశాను. లోపల మంచం తేలి తలుపుకు అడ్డం పడినట్టుంది. సందులోంచి చూస్తే పెట్టె నీలం రంగు ఒక మూల కనపడింది. ఎవరో వెనక నుంచి నా జడ పట్టి లాగి మెట్ల మీదికి ఈడ్చారు. ఎవరో ఇప్పటికీ తెలియదు. ఆ మనిషి లేకపోతే నేను లేను.

మేడ మీద అరవై డెబ్బై మందిమి. ఆ పగలు, ఆ రాత్రి, మర్నాడు. చుట్టూ ఎటు చూసినా ఎర్రనీళ్లు. గడ్డివాములు, పశువులు, తలుపులు కొట్టుకుపోవడం చూశాం. ఒకాయన సంచిలో బొరుగులు ఉంటే గుప్పెడు గుప్పెడు పంచాడు. వాననీళ్లు దోసిట పట్టి తాగాం. మూలబృందావనం దగ్గరికీ నీళ్లు వచ్చాయని తెలిసి కొందరు గట్టిగా ఏడ్చారు. కన్నడం అవ్వ మాత్రం ఏడవలేదు. "రాయరు నీళ్లల్లో ఉంటే మనమెందుకు ఉండకూడదు" అంది కన్నడంలో, రాఘవేంద్రస్వామిని తలుచుకుంటూ. నాకు ఆ మాట ఓదార్పు ఇవ్వలేదు. నేను పెట్టె గురించే ఆలోచిస్తున్నాను. చుట్టూ ప్రాణాలు పోతున్నాయి, కాగితాల కోసం ఏడుస్తున్నానని సిగ్గు. ఆ సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. హెలికాప్టరు చప్పుడు వింటే నెల కిందటి సంగతి గుర్తొచ్చి జనం ఉలిక్కిపడేవాళ్లు.

అప్పుడు మాకేం తెలియదు గానీ, అదే నీరు కిందికి పోయి కర్నూలు పట్టణాన్ని ముంచింది. శ్రీశైలం డ్యాముకు 25 లక్షల క్యూసెక్కులు వచ్చింది, ఆ డ్యామును కట్టింది 19 లక్షలు తట్టుకోవడానికి. ఆ లెక్కలు తర్వాత పేపర్లో చదివాను. అవ్వ కొడుకు మూడోరోజు బతికి వచ్చాడు.

నీళ్లు తీశాక గదిలో మోకాలి లోతు ఒండ్రు. పెట్టె తలకిందులై ఉంది. గొళ్లెం ఊడలేదు. నీళ్లు అతుకుల్లోంచి పోయాయి. తెరిస్తే నోట్‌బుక్కులన్నీ కలిసి ఒకే ముద్ద, కాల్చని ఇటుక లాగా. ఆ ముద్దను నా చీరలో మూటకట్టుకుని, కొంత నడిచి, కొంత లారీ మీద, ఎమ్మిగనూరు చేరాను. అమ్మ గడపలో నన్ను చూసి ఏం మాట్లాడలేదు. నీళ్లు కాచిపోసింది. తర్వాత మూట విప్పి చూసి, "నూలు తడిసినా ఆరబెడతాం కదే" అంది.

పడుగు సాగదీసే కర్రలు నడవలో పాతి, వాటికి దారాలు కట్టింది. కాగితాలు ఒక్కొక్కటి సూదితో విడదీసి ఆ దారాల మీద ఆరేశాం. పదకొండు రోజులు. వీధిలోని ఆడవాళ్లంతా వచ్చారు. చిక్కుపడ్డ నూలును విడదీసే వేళ్లు కదా, నాకంటే వాళ్లే బాగా విడదీశారు. ఆరినకొద్దీ తెలిసింది. జెల్ పెన్నుతో రాసిన పేజీలన్నీ తెల్లగా, మధ్యలో నీలం మరకలుగా ఉన్నాయి. ఒక్క అక్షరం లేదు. దాదాపు పది నోట్‌బుక్కులు అట్లా పోయాయి. పెన్సిలుతో గీసుకున్న ఊరి పటాలు నిలిచాయి. బాల్ పెన్నుతో రాసింది నిలిచింది. అంటే పన్నెండో నోట్‌బుక్కు నిలిచింది.

క్యాసెట్లను ఆదోనిలో టేప్‌రికార్డర్లు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన అరవై మూడూ విప్పి, టేపు కడిగి, వేరే డబ్బాల్లోకి చుట్టి చూశాడు. డబ్బులు తీసుకోలేదు. అన్నింట్లోనూ హోరు. ఒక్కదాంట్లో మాత్రం నలభై సెకన్లు మాట దక్కింది. ముజావర్ తాత గొంతు. పనికొచ్చే మాట కాదు. "ఒరే, పాపకు చాయ్ ఇయ్యండ్రా, పొద్దట్నుంచి ఏం తాగలా" అని ఎవరినో కేకేస్తున్నాడు, దగ్గుతున్నాడు, మళ్లీ హోరు.

నేను కుంగిపోయిన సంగతి ఎక్కువ రాయను. రెండు నెలలు నిద్ర లేదు. వాన చప్పుడు వింటే లేచి కూర్చునేదాన్ని. ఆ రోజుల్లో లైబ్రరీ అన్న ఒకాయన ఎం.ఎన్. శ్రీనివాస్ రాసిన 'ది రిమెంబర్డ్ విలేజ్' తెచ్చి చేతిలో పెట్టాడు. మైసూరు దగ్గరి ఒక ఊరిపై పద్దెనిమిదేళ్లుగా తయారుచేసుకున్న ఆయన నోట్సు 1970 ఏప్రిల్‌లో అమెరికాలో స్టాన్‌ఫోర్డ్‌లో ఎవరో నిప్పు పెడితే కాలిపోయింది. మూడు ప్రతులూ పోయాయి. అప్పుడాయన జ్ఞాపకం మీద ఆధారపడి ఆ పుస్తకం రాశాడు, 1976లో వచ్చింది. ఊళ్లో ఉండి రాసుకున్న అసలు నోట్సు మాత్రం ఢిల్లీలో భద్రంగా ఉండిందట. ఆ పుస్తకం నన్ను లేపి కూర్చోబెట్టింది. మళ్లీ ఊళ్లకు పోదాం, మళ్లీ అడుగుదాం, చెప్పినవాళ్లు ఉన్నారు కదా అనుకున్నాను.

ఆ డిసెంబరులోనే పీర్ల పండుగ మళ్లీ వచ్చింది. చాంద్రమానం లెక్క వల్ల 2009లో రెండుసార్లు పడింది, జనవరిలో ఒకటి, డిసెంబరు 28న ఒకటి. తెలంగాణ ప్రకటన వచ్చి, సీమలో సమైక్యాంధ్ర బందులు జరుగుతున్నాయి. బస్సులు లేవు. ఆటో కొంత, నడక కొంత. తాత మకానం ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వరదలో ఏం జరిగిందో చెప్పాను. నా తల మీద చెయ్యి పెట్టాడు. "బతికి వచ్చినావు, అది చాలు" అన్నాడు. ఆ తర్వాత నేను రికార్డరు తీశాను. చేత్తో పక్కకు జరిపాడు.

"అప్పుడు చెప్పింది నీళ్లలో పోయిందంటివే పాపా?"

"పోయింది తాతా."

"పోనీలే."

ఆ 'పోనీలే' అన్నప్పుడు ఆయన ముఖం తేలికపడటం చూశాను. మూడేళ్లలో ఆ ముఖాన్ని నేను చదవడం నేర్చుకున్నాను, పొరపాటు లేదు. నా సర్వనాశనం ఆయనకు నిశ్చింత.

ఎందుకో ఊళ్లో రెండు రోజులుంటే తెలిసింది. మకానం పక్కన రోడ్డు వెడల్పు చేస్తారని మాట పుట్టింది. భూమికి ధర వచ్చింది. ధర వచ్చాక అది ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. గుడి అయితే 1987 దేవాదాయ చట్టం, మసీదు దర్గా అయితే 1995 వక్ఫ్ చట్టం. రెండింటి ఫారాల్లోనూ 'ఇద్దరిదీ' అని రాయడానికి గడి లేదు. పీరును ముందు బోయ పెద్దాయన ఎత్తి తర్వాత ముజావర్ పట్టుకునే చోటుకు ఏ ఫారం నింపుతారు? ఇది పీర్లకే వచ్చిన బాధ కాదు. కౌతాళం ఖాదర్‌లింగస్వామి దర్గా పేరు ఒకసారి నోటితో అనిచూడండి, అందులో ఎన్ని నామాలు కలిసి ఉన్నాయో. పేరులో ఇమిడింది కాగితంలో ఇమడదు. ఆ ఊళ్లో ఒకవైపు కుర్రవాళ్లు "ఇది మన మతంలో లేని పని, మానేద్దాం" అంటున్నారు. ఇంకోవైపు కుర్రవాళ్లు "వాళ్ల గుండంలో మనమెందుకు నడవాలి" అంటున్నారు. ఇద్దరూ పట్నంలో చదువుకున్నవాళ్లే, ఇద్దరూ నన్ను "మేడమ్" అని మర్యాదగా పిలిచినవాళ్లే. ముసలివాళ్లిద్దరూ మాత్రం ఆ ఏడూ కలిసే పీరును ఎత్తారు. మాటలు తగ్గించారు.

పన్నెండో నోట్‌బుక్కు మిగిలిందని నేను తాతకు చెప్పలేదు. ఆ అబద్ధం నాది. మొదట ఆయన ముఖం చూసి చెప్పలేకపోయాను, తర్వాత చెప్పే ధైర్యం లేకపోయింది.

కానీ వీధిలో ఆడవాళ్లంతా కలిసి కాగితాలు ఆరేశారు కదా, మాట ఎట్లనో పోయింది. 2013 పంచాయతీ ఎన్నికలకు ముందు మా ఇంటికి మనుషులు రావడం మొదలైంది. మొదట ఒక వర్గం. స్వీటు డబ్బా తెచ్చారు. "ముసలాయన చెప్పింది మీ దగ్గర రాసి ఉందంట మేడమ్, ఒక్క జిరాక్సు ఇస్తే చాలు." వారం తర్వాత రెండో వర్గం, మా దూరపు బంధువును వెంటేసుకుని. వాళ్లకూ ఆ జిరాక్సే కావాలి. అదే పేజీతో ఒకరు ఇంకొకరిని కోర్టుకు లాగుతారు, ఇద్దరూ కలిసి ఆ ముసలివాళ్లిద్దర్నీ ఊళ్లో తలెత్తుకోకుండా చేస్తారు. మూడోసారి వచ్చినప్పుడు స్వీట్లు లేవు. "ఒంటరి ఆడోళ్ల ఇల్లు, జాగ్రత్తగా ఉండండి" అని చెప్పి పోయారు. రాత్రిపూట ఫోన్లు. ఎత్తితే మాట ఉండదు. ఒక రోజు పొద్దున లేచేసరికి అరుగు మీద ఆరేసిన పడుగు కోసేసి ఉంది. రెండు చీరల పడుగు. అమ్మ ఆ తెగిన దారాలు ఏరుకుంటూ చాలాసేపు కూర్చుంది, నన్ను ఒక్క మాట అనలేదు.

పోలీసులకు చెప్పమని కొందరన్నారు. చెప్తే నోట్‌బుక్కు బయటికి తీయాలి. కాల్చేయమని కొందరన్నారు. అగ్గిపెట్టె పట్టుకుని ఒక రాత్రి పెరట్లో నిలబడ్డాను కూడా. తాత ఆ మూడు గంటలు నాకిచ్చాడు, ఆయన అడగకుండా కాల్చడానికీ చెయ్యి రాలేదు. అమ్మే దారి చూపింది. మాది గుంట మగ్గం. కాళ్లు పెట్టుకునే గుంటలో ఒక పక్క ఇటుక తీసి, నోట్‌బుక్కును ప్లాస్టిక్ సంచిలో చుట్టి లోపల పెట్టి, ఇటుక మూసింది. ఆ పైన కూర్చుని నేసింది. ఎవరొచ్చినా మగ్గం దిగేది కాదు. "మా పాప దగ్గర ఏమీ లేదప్పా, అంతా మంత్రాలయం నీళ్లలో పోయింది" అనేది, కాళ్లు ఆడిస్తూ.

అప్పుడు నాకు కైఫీయత్తుల కరణాల మీద కోపం పోయింది. కుంపిణీ మనిషి కాగితం పట్టుకుని ఎదురుగా కూర్చుంటే, కొత్త ప్రభుత్వం ఆ మాటతో ఏం చేస్తుందో తెలియక, ఎంతమంది ఊరి కోసం నోరు మూసుకున్నారో.

థీసిస్ సంగతి త్వరగా చెప్తాను. ఆ ఊరి అధ్యాయం తీసేశాను. మిగిలినదానిలోనూ ఊళ్ల పేర్లు తీసేశాను. ఆధారాలు ఎక్కడ అని అడిగారు. వరదలో పోయాయని చెప్పాను. అందరూ నమ్మలేదు. రాజకీయమున్న అంశం ఎందుకు, పండగ వర్ణన రాసుకుంటే సరిపోయేది కదా అని సలహా ఇచ్చినవాళ్లున్నారు. పండగను వర్ణించి, ఆ పండగ నిలబడ్డ నేలను వదిలేయడం నాకు చేతకాలేదు. ఫెలోషిప్పు గడువు అయిపోయింది. డిగ్రీ వచ్చింది గానీ ఆలస్యంగా, పుస్తకంగా వేసే బలం లేకుండా వచ్చింది. ఇప్పుడు ఒక జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు మీద చరిత్ర చెప్తున్నాను.

2013లోనే అఫ్సర్ మహమ్మద్ గారు గూగూడు కుళ్లాయప్ప మీద, పీర్ల పండుగ మీద ఇంగ్లీషులో రాసిన పుస్తకం ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. తెప్పించుకుని చదివాను. మా పక్క అనంతపురం జిల్లా ఊరు, హిందువులు, ముస్లింలు కలిసి చేసే పండుగ, ఊరి పేరుతో సహా. మొదట కన్నీళ్లొచ్చాయి, ఈ పని చేయవచ్చని ఒకరు చూపించారు కదా అని. తర్వాత ఆలోచించాను. గూగూడుకు లక్షల జనం వస్తారు, ఆ పేరు దాస్తే దాగేది కాదు, ఆ పేరే దానికి కాపలా. నా ఊరికి వంద గడపలు. దాని పేరు తెలియకపోవడమే దానికి కాపలా.

తాత 2014లో పోయాడు. నాకు కబురు చేసింది బోయ పెద్దాయన కొడుకు. నేను పోయేసరికి మట్టి అయిపోయింది. జనాజాకు భుజం పట్టినవాళ్లలో బోయ పెద్దాయన ఉన్నాడని, నడవలేక మధ్యలో కూర్చుండిపోయాడని చెప్పారు. రోడ్డు వెడల్పు కాలేదు. ఆ మాట అట్లానే ఆగిపోయింది, మనుషులు మాత్రం కలవలేదు.

2019లో ఇంటికి బండలు పరిపించాం. అమ్మకు మోకాళ్లు పోయాయి, మగ్గం అప్పటికే ఆపేసింది. మేస్త్రీ గుంట పూడ్చేస్తానన్నాడు. ముందురోజు రాత్రి నేనే దిగి ఇటుక తీశాను. సంచి లోపల కాగితం అంచులు చెదలు తిన్నాయి. నడుమ అక్షరాలు నీలంగా, నిన్న రాసినట్టే ఉన్నాయి.

ఆ సెప్టెంబరులో పీర్ల పండగ పదో రోజు ఆ ఊరికి పోయాను. తాత మనవడు ఇప్పుడు ముజావర్. ఇరవై ఐదేళ్లు ఉంటాయి. చిన్నప్పుడు సుగ్గికి పోయే ట్రాక్టరులో చూసిన పిల్లవాడే. జనం పలచబడ్డాక మకానం వెనక కూర్చోబెట్టి సంచి అతని చేతిలో పెట్టాను. "ఇది మీ తాతది. నా దగ్గర ఉందని ఆయనకు చెప్పలేదు. ఏం చేయమంటావో నువ్వే చెప్పు" అన్నాను.

అతను పేజీలు తిప్పాడు. చదువు ఐదో తరగతిలో ఆగిపోయింది, నా గొలుసుకట్టు రాత కూడబలుక్కోవడం కష్టమైంది. కాసేపు చూసి మూసేశాడు. ఏముందో నేను చెప్పబోతే వద్దని తల ఊపాడు.

"తాత గొంతు ఏమన్నా ఉందా అక్కా మీ దగ్గర?"

ఫోనులోకి ఎక్కించి పెట్టుకున్నాను ఎప్పుడో. తీసి పెట్టాను. హోరు, దగ్గు, ఆ నలభై సెకన్లు. అతను ఫోను చెవికి ఆనించుకుని మూడుసార్లు విన్నాడు. లోపలి నుంచి వాళ్ల చెల్లెల్ని, అమ్మను పిలిచాడు. గోడ అవతల నుంచి బోయ పెద్దాయన భార్యను పిలుచుకొచ్చారు. ఫోనును రాతి అరుగు మీద పెట్టి, అందరూ చుట్టూ వంగి విన్నారు. చాయ్ ఇయ్యండ్రా అన్న మాట రాగానే వాళ్లమ్మ లేచి, పైట చెంగుతో కళ్లు తుడుచుకుంటూ, పొయ్యి దగ్గరికి పోయింది.